రెండు బకెట్ల నీళ్ళు

ఈమధ్య మన పిల్లలు కొందరు హౌసింగ్ ఆఫీసుల్లో చేరుతున్నారు. కెనడాలో సార్నియా అనే ఊళ్ళో కాలేజీ చదివి అక్కడే ఉద్యోగం తెచ్చుకున్న హారిక అనే అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "ఆంటీ, టెనెంట్ చేతిలో అనుకోకుండా ఏదన్నా పాడైతే ఎవరు పే చేయాలి? మాన్యువల్‌లో మూడు పేజీలుంది, చదువుతుంటే నిద్రొస్తోంది" అంది. నాకు నవ్వొచ్చింది. కెనడాలోనే ఉన్న మా కేంబ్రిడ్జ్‌లో ఇరవై రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే. ఫోన్లో తేలేది కాదు, రాసి పంపుతానన్నాను. రాయబోతే మాన్యువల్ పక్కకు పోయింది, కనకరత్నం గారు వచ్చి నా తలలో కూర్చున్నారు.

నాకెన్ని ప్రమోషన్లు వచ్చాయో ఎవరికీ అక్కర్లేదు, నాతో సహా. నేను ఒక తప్పు చేశాను. అది మాత్రం మీకు పనికొస్తుంది.

నియమం

మా ఆఫీసు ఇచ్చేవి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు. అద్దె వాళ్ళ సంపాదనను బట్టి ఉంటుంది. అలాంటి ఇల్లు దొరకాలంటే వెయిటింగ్ లిస్టులో ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాలి. అందుకే ఆ ఇంటి తాళం చేతికొచ్చినవాళ్ళ ముఖం చూడటం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా మంచి పని.

ఇక నియమం. ఇల్లు పాతబడి ఏదైనా పాడైతే ఆఫీసు బాగుచేయించాలి. అద్దెకున్నవాళ్ళు కావాలని పాడుచేసినా, అజాగ్రత్తగా పాడుచేసినా ఖర్చు వాళ్ళది. ఎవరి తప్పూ లేకుండా జరిగిపోతే మళ్ళీ ఆఫీసుదే. ఇంతే. వినడానికి ఎంత హాయిగా ఉందో చూశారా? కానీ ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక మాట రాయాలి. రాసేది మీరు. మీరు చల్లగా రాసి ఇంటికెళ్ళి అన్నం తింటారు. అవతలివాళ్ళకు ఆ రోజు అన్నం దిగదు.

నాకు ఈ పని నేర్పింది మార్లీన్ అనే ఆవిడ, మా సూపర్‌వైజర్. వెడల్పాటి మనిషి, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ కప్పు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన బాత్‌రూములో పడిపోతే అంబులెన్సు వాళ్ళు తలుపు పగలగొట్టి బతికించారు. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తలుపు ఖర్చు కట్టమని మా ఆఫీసు కాగితం ఇంట్లో ఎదురుచూస్తోంది. మార్లీన్ ఆ కాగితం పట్టుకొచ్చి మా అందరి మధ్యా నిలబడి, ఇది ఆయన పడిపోయినందుకా, బతికినందుకా అని నెమ్మదిగా అడిగింది. ఆవిడే దాన్ని చింపేసింది.

ఇంటికి వెళ్ళి చూడకుండా ఫారం నింపొద్దనేది మార్లీన్. వెళ్ళగానే ఫోన్ తీసి ఫొటోలు కొట్టొద్దు, ముందు కూర్చో, వాళ్ళు ఏదైనా ఇస్తే తాగు అనేది. జరిగాక మనకు తెలిసినదంతా జరగకముందే వాళ్ళకు తెలుసని అనుకోవద్దనేది. నేను బుద్ధిగా తలూపేదాన్ని. తీరా అవసరమైన రోజున ఆ తల ఎటు పోయిందో.

తాళం ఇచ్చిన రోజు

కనకరత్నం గారిది భీమవరం దగ్గర పల్లె. భర్త ఇక్కడ ఒక హోటల్లో వంట చేసేవారు, గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆవిడ ఎవరెవరివో బేస్‌మెంట్లలో, ఒక కర్టెన్ అవతల మంచం వేసుకుని బతికారు. గోదాములో పెట్టెలకు టేపు వేసే పని. యాభై ఆరేళ్ళ వయసులో వెయిటింగ్ లిస్టులో పేరు వచ్చింది. రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు, బాత్‌రూము.

ఆఫీసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి తాళం నేనే ఇచ్చాను. కరెంటు బోర్డు ఎక్కడుందో, పొగ వస్తే అరిచే అలారం ఎలా ఆపాలో, చెత్త ఎక్కడ వేయాలో, బట్టలు ఉతికే యంత్రానికి కార్డు ఎలా పెట్టాలో అన్నీ చూపించాను. ఆవిడ ప్రతిదానికీ "అలాగేనండి" అన్నారు. చివర్లో తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, ఇది నా ఒక్కదానిదేనా అండీ, ఇంకెవరి దగ్గరా ఉండదా అని అడిగారు. ఆఫీసులో ఒకటి ఉంటుంది గానీ మీకు చెప్పకుండా ఎవరూ రారని చెప్పాను. ఆవిడ దాన్ని మంగళసూత్రంలా మెడలో వేసుకున్నారు, నల్ల దారానికి గుచ్చి.

మరుసటి శుక్రవారం ఉదయం ఆవిడ ఇల్లు కడిగారు.

మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మన దగ్గర బండల నేల, నేలకు వాలు, మూలన తూము. నీళ్ళు గుమ్మరించి చీపురుతో బరబరా తోసేస్తే బయటికి పోతాయి. ఇక్కడ నేల అంటే వినైల్ అనే ప్లాస్టిక్ షీటు, దాని కింద చెక్క, చెక్క కింద ఇంకొకరి సీలింగు. ఆవిడ తూము కోసం వెతికారట, కనబడలేదట. తోస్తుంటే నీళ్ళు గోడవార నుంచి ఎటో పోతున్నాయి కదా, ఇక్కడివాళ్ళు తూము లోపల దాచిపెట్టి ఉంటారని సంతోషించి రెండో బకెట్ కూడా పోశారట.

కింది ఇంట్లో మాన్యుయెల్ అని, ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన పోర్చుగీసు పెద్దాయన ఉండేవారు. ఒంటరి మనిషి. సీలింగు బోర్డు తడిసి ముద్దయి, సరిగ్గా ఆయన మంచం మీద ఊడిపడింది. ఆయన అదృష్టం, అప్పుడు వంటింట్లో ఉన్నారు. పైకి పరిగెత్తుకొచ్చి తలుపు కొడితే, రత్నం గారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో చీపురుతో, కొత్త ఇంటికి వచ్చిన మొదటి చుట్టమని నవ్వుతూ లోపలికి రమ్మన్నారట. ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన నేల వంక, తన తల వంక మార్చి మార్చి చూపించేసరికి ఆవిడకు అర్థమైంది. చీపురు అక్కడే పడేసి కిందికి దిగి, ఆయన ఇల్లంతా తన చీర కొంగుతో తుడిచారు.

ఒక మాట రాశాను

నేను వెళ్ళేసరికి రత్నం గారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. నేనేమీ అడగకముందే, "నేనేనండి పోసింది. రెండు బకెట్లు" అన్నారు. దాచలేదు, ఏడవలేదు. నేను కూర్చోలేదు. ఫోన్ తీసి ఫొటోలు కొట్టాను.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. ఆ ఉదయం ఆఫీసులో ఒకాయన నాతో, "మీ తెలుగు ఆవిడట, చూసుకో" అని నవ్వాడు. అందులో ఏమీ లేదు. కానీ నా బుర్రలో ఒక పురుగు దూరింది. మనవాళ్ళని వెనకేసుకొచ్చిందని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ భయంతో వేరేవాళ్ళకైతే ఎప్పుడూ రాయనంత గట్టిగా రాశాను. కారణం అనే గడిలో "అజాగ్రత్త". కావాలని రెండు బకెట్లు పోసినట్టు అంగీకరించారు అని కింద ఇంకో ముక్క. న్యాయంగా ఉన్నానని చూపించుకోవడానికి ఆ మనిషిని వాడుకున్నాను. ఇంతకన్నా మంచి మాట దానికి నా దగ్గర లేదు.

సీలింగు ఖర్చు ఆవిడే నెలనెలా కట్టుకోవాలని, మళ్ళీ జరిగితే ఇల్లు ఉంచే విషయం ఆలోచించాల్సి వస్తుందని ఉత్తరం వెళ్ళింది. ఇంగ్లీషు ఉత్తరం కదా, నేనే వెళ్ళి తెలుగులో చదివి చెప్పాను, రేడియోలో వార్తలు చదివినట్టు. ఆవిడ డబ్బు గురించి ఒక్క మాటా అడగలేదు. మెడలోని దారం పట్టుకుని ఒకటే అడిగారు.

"తాళం ఇచ్చెయ్యాలాండి?"

"ఇప్పటికైతే అక్కర్లేదు" అన్నాను.

ఇప్పటికైతే! ఆ మాట అనకుండా ఉంటే నా సొమ్మేం పోయేది? తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

గిన్నె

నాలుగు నెలల తర్వాత మాన్యుయెల్ గారు మా ఆఫీసుకు వచ్చారు, టోపీ చేత్తో పట్టుకుని. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం. ఫిర్యాదు కాదు, ఫిర్యాదు కాదు అని ముందే రెండుసార్లు చెప్పారు. పైన ఉన్నావిడ రోజూ మధ్యాహ్నం బస్సు దిగి పరిగెత్తుకుంటూ వస్తుందట. పైన ఏదో ఎత్తి పోసిన చప్పుడు. పది నిమిషాల్లో మళ్ళీ పరుగు. సాయంత్రం మళ్ళీ అదే. "ఆవిడ చిక్కిపోయింది. ఒకసారి వెళ్ళి చూడండి" అన్నారు.

వెళ్ళాను. రత్నం గారు తలుపు తీసి, వంటింటికి అడ్డంగా నిలబడ్డారు. ముఖం నిజంగానే పీక్కుపోయి ఉంది. నేల మీద ఎక్కడ చూసినా పాత తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. నా వెనక ఎవరైనా వచ్చారేమోనని మెట్ల వైపు చూశారు. కాఫీ ఇస్తారా అని నేనే సిగ్గు విడిచి అడిగాను. ఇంటికొచ్చిన మనిషి కాఫీ అడిగితే మన ఆడవాళ్ళు కాదనలేరు. పక్కకు తప్పుకున్నారు.

సింక్ కింది అర తలుపు తెరిచి ఉంది. లోపల ఒక పెద్ద స్టీలు గిన్నె. పైపు నుంచి అందులోకి బొట్టు బొట్టుగా నీళ్ళు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఉత్తరం వచ్చిన పదిహేను రోజులకు మొదలైందట. గిన్నె ఆరేడు గంటల్లో నిండిపోతుందట. నిండి పొర్లితే మళ్ళీ కింది ఇల్లు. అందుకని గోదాములో బతిమాలుకుని, జీతం తగ్గినా సరేనని, రెండు ముక్కల షిఫ్టు వేయించుకున్నారు. మధ్యాహ్నం వచ్చి గిన్నె పారబోసి మళ్ళీ పనికి పోవడం. మూడున్నర నెలలు ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవరింటికీ భోజనానికి పోలేదు, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గర కూర్చోలేదు.

"ఒక్క ఫోన్ చేస్తే వచ్చి బాగుచేసేవాళ్ళం కదండీ" అన్నాను.

"ఇది నేను పాడుచెయ్యలేదండి. దానంతటదే కారతంది" అన్నారు ఆవిడ. "కానీ ఎవరు నమ్ముతారండి? ముందే ఒకసారి రాసేశారు కదా."

నేను ఆ తువ్వాళ్ళ మీదే చతికిలబడ్డాను. ఏడ్చాను కూడా. ఆవిడ కంగారుపడి కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టారు.

మా ప్లంబరు వచ్చి పది నిమిషాల్లో బిగించాడు. రబ్బరు వాషర్ అరిగిపోయింది, అంతే. ఇల్లు పాతబడితే జరిగేదే. మొదటి రోజు నుంచీ ఖర్చు మాదే.

ఎడ్మంటన్ సంగతి

ఆ సాయంత్రం ఫైలు పట్టుకుని మార్లీన్ దగ్గరికి వెళ్ళాను. సీలింగు ఖర్చు ఆవిడ మీద నుంచి తీసేద్దాం, పాపం అన్నాను. మార్లీన్ నేను రాసింది మొత్తం చదివి, టీ కప్పు పక్కన పెట్టింది.

"తాళం ఇచ్చినప్పుడు ఏమేం చూపించావు?" అని అడిగింది.

చెప్పాను. కరెంటు బోర్డు, అలారం, చెత్త, బట్టల కార్డు.

"ఇళ్ళు ఇలా కడిగేవాళ్ళు ఉంటారని ఈ ఆఫీసులో ఎవరికి తెలుసు?"

నాకు. నా ఒక్కదానికే. ఎంత బాగా తెలుసో మార్లీన్‌కు తెలియదు. అప్పుడు చెప్పాను, అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి. మేము మొదట ఎడ్మంటన్‌లో దిగాం. మా ఆయనకు అక్కడి యూనివర్సిటీలో పని. ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఖమ్మంలో మా అమ్మ నేర్పినట్టే, మొదటి శుక్రవారం నేను బకెట్ ఎత్తి పోశాను. కింద ఓనరు కుటుంబం టిఫిన్ చేస్తోంది. నీళ్ళు వాళ్ళ బల్ల మీద పడ్డాయి. డిపాజిట్ ఉంచేసుకుని, నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. కడుపుతో ఉన్నాను అప్పుడు. క్యాంపస్‌కు దగ్గరగా ఉంటుందని ఇల్లు మారామని అందరికీ చెప్పుకున్నాం. మా ఆయన ఇప్పటికీ నేను బకెట్ ముట్టుకుంటే గొడుగు తెచ్చుకోనా అంటారు. ఆయన వేళాకోళం ఆడితే నవ్వుతాను గానీ, ఆ ఇంటి మెట్లు సామానుతో దిగిన రోజు నాకు నవ్వులాట కాదు.

అలాంటిదాన్ని నేను, రత్నం గారికి తాళం ఇచ్చిన రోజు ఆ మాట ఎందుకు చెప్పలేదు? మరిచిపోయాను అందామంటే అబద్ధం. చెప్పాలంటే నా సంగతి గుర్తుచేసుకోవాలి. గుర్తుచేసుకోవడం ఇష్టంలేక మింగేశాను.

మార్లీన్ ఓదార్చలేదు. "జాలి పడి తీసేస్తే రేపు ఇంకెవరో జాలి లేనివాళ్ళు మళ్ళీ వేస్తారు. నువ్వు జాలి పడొద్దు. సరిగ్గా రాయి" అంది.

సరిగ్గా రాశాను. నీళ్ళు కిందికి పోతాయని ఆమెకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. తెలిసిన మనిషిని నేను, చెప్పలేదు. కాబట్టి అజాగ్రత్త అన్న మాట తప్పు, అజాగ్రత్త అంటూ ఉంటే అది నాది. కింద సంతకం పెట్టాను. ఖర్చు ఆఫీసుకు మారింది, కట్టినదంతా ఆవిడకు వెనక్కి వచ్చింది. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. పది మందిలో చెప్పుకోవాల్సి వచ్చింది, అంతే.

కొత్త ఉత్తరం పోస్టులో వేయలేదు. తెలుగులో రాసుకుని నేనే తీసుకెళ్ళాను. ఎడ్మంటన్ కథ కూడా చెప్పాను. రత్నం గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మీరూ పోశారాండి?" అని నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయారు. ఆవిడ నవ్వగా చూడటం తాళం ఇచ్చిన రోజు తర్వాత అదే మొదటిసారి. ఉత్తరం రెండుసార్లు చదువుకుని, మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకున్నారు.

మీకు చెప్పేది

అనుకోకుండా జరిగినదానికి మనిషిని శిక్షిస్తే అవి జరగడం ఆగదు. చెప్పడం ఆగిపోతుంది. అరిగిన వాషర్ కింద గిన్నెలు పెట్టుకుంటారు. ఇంకో నాలుగు నెలలు అలాగే కారి ఉంటే నేల చెక్క కుళ్ళిపోయేది. ఆఫీసు లెక్కన చూసినా అది తెలివితక్కువ పని, మనిషి లెక్కన చూస్తే పాపం.

అలాగని అన్నీ మాఫీ చేయమనడం లేదు. కోపంతో గోడకు గుద్ది కన్నం పెట్టినవాడి చేత కట్టించాను, వాడు నన్ను తిట్టినా కట్టించాను. ఇంకొకటి, మంచాలూ టీవీలూ ఆఫీసు ఇన్సూరెన్సు కిందికి రావు. మాన్యుయెల్ గారి పరుపు పోతే ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. సొంతంగా చిన్న ఇన్సూరెన్సు తీసుకొమ్మని తాళం ఇచ్చే రోజే చెప్పండి, సీలింగు ఊడిపడ్డాక కాదు.

ఆ తర్వాత నేను తాళం ఇచ్చిన ప్రతివాళ్ళనూ ఒక ప్రశ్న అడిగాను. మీ ఊళ్ళో ఇల్లు ఎలా శుభ్రం చేసేవారు? సిరియా నుంచి వచ్చిన ఒకావిడ అచ్చం మనలాగే నీళ్ళు పోసి తోసి చూపించింది. అప్పుడు నేను మోకాళ్ళ మీద కూర్చుని వినైల్ అంచు వేలితో ఎత్తి, దీని కింద ఒకరు పడుకుని ఉంటారమ్మా అని చెప్పేదాన్ని. ఆ ప్రశ్న ఆఫీసు ఫారంలోకి ఎక్కలేదు. అడగడానికి ఫారం ఎందుకు?

మన భాషవాళ్ళు ఎదురుపడితే మెత్తగా ఉండొద్దు, గట్టిగానూ ఉండొద్దు. రెండూ మీ గురించి ఆలోచించుకోవడమే.

చివరి వారం

రిటైరయ్యే ముందు వారం నా వంతు ఇళ్ళ తనిఖీలు మిగిలాయి. ఏడాదికోసారి ప్రతి ఇంట్లోకీ వెళ్ళి ఏం పాడైందో రాసుకోవాలి. రత్నం గారి ఇల్లు కావాలనే చివరికి పెట్టుకున్నాను. సింక్ కింద పొడిగా ఉంది. నేల మెరిసిపోతోంది. తడిగుడ్డ పిండి తుడుస్తున్నారట, ఆ గుడ్డ కూడా బాల్కనీలో ఆరేసి ఉంది. కింద నుంచి మాన్యుయెల్ గారు పంపిన రొట్టె బల్ల మీద ఉంది. ఈవిడ ఆయనకు పప్పుచారు పంపుతారట, ఆయన దాన్ని సూప్ అంటారట.

వెళ్ళబోతూ కిందికి చూశాను. తలుపు దగ్గరి చెక్క గడప పసుపుపచ్చగా ఉంది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి రాసి చెక్కలోకి ఇంకిపోయింది. మా నియమాల ప్రకారం చెక్కకు పోని మరక పడితే అది అద్దెకున్నవాళ్ళ ఖర్చు.

నా చూపు ఎటు పోయిందో ఆవిడ చూశారు. చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. దారం మారింది, తాళంచెవి అదే.

"నేనేనండి రాసింది" అన్నారు. "రుద్దినా పోవట్లేదండి."

నేను మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాను. ఫారం తీసి రాశాను. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ, నన్నే చదివి చెప్పమన్నారు. చదివాను. గడప రంగు మారింది. కారణం, ఈ ఇంట్లో ఒక మనిషి కాపురం ఉంటున్నారు. మామూలు వాడకం. ఖర్చు ఆఫీసుది. బాగుచేయనక్కర్లేదు.

రత్నం గారు లేచి కాఫీ పెట్టారు.

ఆ శుక్రవారం నేను ఆఫీసు తాళాలన్నీ బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. ఆవిడ తాళం ఆవిడ దగ్గరే ఉంది.